పొగ రాని తలుపు

నార్వేలోని బెర్గెన్‌లో ఆ వారమంతా వాన వదలలేదు. మేడలో ఉండేవాళ్ల సమావేశం కింది అంతస్తులో, బట్టలుతికే గదిలో పెట్టారు. తడి కోట్ల వాసన, ఫ్లాస్కులో కాఫీ, కాగితపు పళ్లెంలో వాఫుల్స్. నూరేళ్లు దాటిన చెక్క మేడ అది, మెట్లూ చెక్కవే. పక్క వీధిలో అలాంటిదే ఒకటి కాలిపోయాక ఇక్కడివాళ్లకూ నిద్ర కరువైంది.

రాన్‌వైగ్ వెనక బల్ల మీద కూర్చుంది. ఆమె దిగులంతా పై అంతస్తులోని రెండు తలుపుల గురించే. ఒకటి తనది, ఎదురుగా ఉన్నది స్నేహితురాలు బ్యోర్గ్‌ది. తుంటి విరిగి బ్యోర్గ్ మంచం పట్టినప్పటి నుంచి రెండు తలుపులూ పగలంతా తెరిచే ఉంటాయి. రాన్‌వైగ్ వంటింటి కుర్చీలోంచి, బ్యోర్గ్ మంచం మీంచి మాట్లాడుకుంటారు. పిలవనిదే ఒకరింట్లోకి ఒకరు వెళ్లే అలవాటు ఆ ఊళ్లో లేదు. రాన్‌వైగ్ ఆ గడప దాటింది పుట్టినరోజులకే. తలుపు తెరిచి ఉండడమే వాళ్ల రాకపోకలు.

అప్పట్లో రాన్‌వైగ్ భర్తను ఆసుపత్రిలో పైకి తీసుకుపోతున్నప్పుడు, ఆమె ఏదో చెబుతుండగానే లిఫ్టు తలుపు మూసుకుంది. ఆయన మళ్లీ కిందికి రాలేదు. చెప్పబోయిన మాట ఇప్పటికీ ఆమె దగ్గరే ఉంది.

"ఉన్నవి రెండే దారులు," అన్నాడు సంఘం పెద్ద టెర్యె. "గదిగదికీ కప్పు కింద, నిప్పు రాజుకోగానే నీళ్లు చల్లే పైపులు. లేదా ఇంటింటికీ నిప్పుకు ఆగే బరువైన తలుపు, దానంతటదే మూసుకునేది. పైపులైతే పాత తలుపులే ఉంచుకోవచ్చు."

"పైపులే పెట్టించండి. ఏడాదికోసారైనా టెర్యె స్నానం చేస్తాడు," అన్నారెవరో. నవ్వారు.

పొద్దున బ్యోర్గ్ తన ఓటు కూడా రాన్‌వైగ్‌కే అప్పజెప్పింది. "ఏమే, రెండు చేతులూ పైపులకే ఎత్తు. నన్నప్పుడే పెట్టెలో పెట్టి మూత వెయ్యకండి."

"ఎత్తుతాలేవే," అంది రాన్‌వైగ్.

ఈ రెండింటి సంగతీ చెప్పడానికి వచ్చిన ఇంజనీరు సున్నివా వయసులో చిన్నది, మెల్లగా మాట్లాడుతుంది. "ఈ తలుపు మూసుకుంటే పొగ పిసరంతైనా లోపలికి రాదు. పక్కింటి గొడవ కూడా వినపడదు."

"అయస్కాంతంతో తెరిచి ఉంచి, నిప్పు గంట మోగగానే వదిలేసేవి ఉంటాయటగా?" అడిగింది రాన్‌వైగ్. ఎక్కడో చదివింది.

"ఉంటాయమ్మా. కానీ ఇక్కడ దిగడానికి ఉన్నది ఒక్క మెట్లదారే. అయస్కాంతం ఒక్కసారి వదలకపోతే చాలు, పొగంతా ఇళ్లలోకే."

"నీళ్లు పడితే నిప్పు ఆరిపోతుంది కదా?"

"ఆరుతుంది. ఈలోగా పొగ పైకి చేరిపోవచ్చు. దిగగలిగినవాళ్లు దిగుతారు. దిగలేనివాళ్లకు తలుపే దిక్కు."

ఎవరూ తల ఎత్తలేదు. ఆ దిగలేనిదెవరో అందరికీ తెలుసు.

పైపులకు చేతులు లేచాయి. రాన్‌వైగ్ చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి. తలుపులకు అనగానే ఒక చెయ్యి ఎత్తింది. కాసేపాగి, బ్యోర్గ్ తరఫున రెండోదీ ఎత్తింది. టెర్యె రెండుసార్లు లెక్కపెట్టి తలుపులే గెలిచాయన్నాడు.

"ఎటు ఎత్తావే?" రాన్‌వైగ్ పైకి రాగానే అడిగింది బ్యోర్గ్.

"పైపులకే."

"రెండూనా?"

"రెండూ. అయినా తలుపులకే ఎక్కువ పడ్డాయి."

"అయితే ఓడిపోయాం. పోనీలే, నీ చేతులు అల్లికకు తప్ప దేనికి పనికొచ్చాయి గనక."

క్రిస్మస్‌కు ముందే తలుపులు వచ్చాయి. బిగించేవాళ్లు రోజంతా చప్పుడు చేసి, సాయంత్రం సామాను సర్దుకున్నారు. పోతూపోతూ ఒకతను బ్యోర్గ్ తలుపు మూసుకోకుండా కింద పెట్టిన చెక్కముక్కను కాలితో తీసేశాడు.

"రాన్‌వైగ్," లోపలినుంచి పిలిచింది బ్యోర్గ్, "రేపు పొద్దున నువ్వు..."

తలుపు నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా వచ్చి మూసుకుంది.

రాన్‌వైగ్ రెండు తలుపుల మధ్య నడవాలో నిలబడింది. పిలుపు లేకుండా ఆ ఇంటి తలుపు ఆమె ఏనాడూ తట్టలేదు. చెయ్యెత్తి తట్టింది. బరువైన చెక్క మీద ఆ తట్టు తనకే సరిగా వినిపించలేదు. చెవి ఆనించి చూసింది. లోపల బ్యోర్గ్ ఇంకా ఏదైనా చెబుతోందో, చెప్పడం మానేసిందో తెలియలేదు.