సందులు లేని కట్ట

ఈ మేస్త్రి కట్టిన గోడలో చీమ దూరే సందు కూడా ఉండదు. ముప్ఫై ఏళ్లుగా అతని పరువంతా అదే. అందుకే, అతని అక్క ఏదో పని మీద రెండు రోజులు ఊరెళ్లినప్పుడు, కొండవాలులో ఆవిడ చేను అంచున పేర్చుకున్న రాతికట్ట చూసి అతనికి తల కొట్టేసినట్టయింది. రాళ్ల మధ్య వేలు దూరే సందులు. మేస్త్రి తోబుట్టువు కట్ట ఇలాగా ఉండేది? నలుగురూ చూస్తే నవ్విపోరూ? మూడు బస్తాల సిమెంటు మోయించి, సందు సందునా కూరి, తాపీతో నున్నగా మెత్తేశాడు. చెయ్యమని అతన్ని ఎవరడిగారు? ఎవరూ అడగలేదు. ప్రేమ ఎక్కువైపోతే మనిషికి ముందు ఒక మాట అడుగుదామని తోచదు మరి.

అక్క తిరిగొచ్చేసరికి మబ్బు బాగా కమ్మేసింది. కట్ట చూసిన ఆవిడకి చేతిలో సంచి దించడం కూడా గుర్తు లేదు.

"నీళ్లెటు పోతాయిరా?" అంది.

నీళ్లు పోకూడదనే కదా కట్ట, అన్నాడు మేస్త్రి. ఆపాల్సింది మట్టిని, నీళ్లని కాదని ఆవిడ కోపాన్ని పంటి బిగువున ఆపుకుని చెప్పింది. నీరు సందుల్లోంచి మెల్లగా జారిపోవాలి, అది తెచ్చిన మట్టి కట్ట వెనకే దిగిపోవాలి. అందుకే పన్నెండేళ్లుగా ఒట్టి రాళ్లే పేర్చుకుంటూ వచ్చింది. ఆ చేలో మట్టి జానెడు, దాని కింద అంతా బండే. ఆ జానెడు మట్టి మీదే ఆవిడ తిండీ, బతుకూ.

ఆ మాటలు పూర్తవుతుండగానే చినుకు మొదలైంది. కాసేపటికి వాలు మీది నీళ్లన్నీ వచ్చి కట్టని ఆనుకుని నిలబడ్డాయి. చీలమండ దాటి మోకాలిదాకా వచ్చాయి. మేస్త్రి కళ్లు కట్ట నడుమే ఉన్నాయి. అక్కడ సిమెంటు మీద వెంట్రుకంత బీట పడింది. చూస్తుండగానే అది జానెడు సాగింది. పునాది లేని గోడ ఏం చేస్తుందో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. కట్ట ఒక్కసారిగా తెగిందంటే చేను చేనంతా కొట్టుకుపోతుంది.

అక్క గునపం పట్టుకుని నడిమికి పరిగెత్తింది. అక్కడ కాదని మేస్త్రి ఆవిణ్ణి ఆపాడు. నడుమ కదిపితే మొత్తం కూలుతుంది. చివర్న కట్ట బండ మీద నిలబడింది, అక్కడ పైవరస నుంచి తీస్తే నీరు బండ మీంచి పోతుంది, మట్టిని కొయ్యదు. ఇద్దరూ చివరికి చేరారు. నిన్న తన చేత్తో అంత ముద్దుగా మెత్తినదాన్నే మేస్త్రి పొడిచి పొడిచి పెకలించాడు. గోళ్లు చీలాయి. నీరు దారి చేసుకుని బండ మీదికి ఉరికింది.

మూడో వరస తీస్తుండగా నడుమ ఒక రాయి జారింది. మేస్త్రి పరిగెత్తుకెళ్లి ఆ చోట వీపు ఆనించాడు. మనిషి వీపుకి నీళ్లు ఆగుతాయా? ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా ఆనించాడు.

"మట్టి పోతే పోనీరా, నువ్విటు రా," అంటూ అక్క అతని జబ్బ పట్టి లాగేసింది. వాళ్లు నాలుగడుగులు పక్కకి వచ్చారో లేదో, అక్కడి రాళ్లు ఊడి పడ్డాయి. నీరు అప్పటికే సగం తగ్గింది కాబట్టి చేను దక్కింది. రెండు మంచాలంత మేర మాత్రం మట్టి ఊడ్చుకుపోయింది.

మర్నాడు అక్కడ బండ నున్నగా కనిపించింది. ఇది మళ్లీ మట్టి కావాలంటే ఎన్నాళ్లు పడుతుందని మేస్త్రి తల దించుకునే అడిగాడు. అక్క పైబండ నుంచి ఊడిన పెచ్చు ఒకటి తెచ్చి అరచేతిలో నలిపింది. ఎండకి ఉబ్బీ, చలికి ముడుచుకునీ, వానకి నానీ, గడ్డివేళ్లకి చీలీ ఊడిన పెచ్చు అది. చిటికెడు ఇసుక రాలింది, మిగతాది రాయిగానే ఉంది.

"మన అమ్మమ్మ పుట్టకముందు నుంచీ నలుగుతోంది ఇది. ఇప్పటికి ఇంతయింది."

మేస్త్రి తట్ట పట్టుకుని కింద వాగులోకి దిగాడు. అక్కడ పేరుకున్న మట్టిని నెల్లాళ్లు తట్టలతో పైకి మోశాడు. తర్వాత సిమెంటంతా ఒలిచి ఒట్టి రాళ్లతో కట్ట మళ్లీ పేర్చాడు. అక్క వెనకే నడుస్తూ సందు సందులో వేలు పెట్టి చూసుకుంది. ఒకచోట ఆగింది.

"ఇక్కడ వేలు పట్టట్లేదురా."

మేస్త్రి వెనక్కి వచ్చి ఆ రాయి తీసేసి, అంతకన్నా వంకర రాయి కోసం వెతికాడు.