పెరిగిన గాజులు

ఫోన్లో మెయిల్ చూడగానే సాయి నన్ను వంటింట్లోనే గిరగిరా తిప్పేశాడు. పోపు మాడింది. పెళ్లయి ఆరు నెలలే. మాడిన పోపు వాసన కూడా నాకు బాగానే ఉంది. మూడేళ్లు తీసిన మా సినిమా, మూడు గంటల యాభై నిమిషాలది, కేరళలో ఒక చిత్రోత్సవానికి ఎంపికైంది! సిరిసిల్లలో చీర నేసే మనిషి, జగిత్యాలలో మామిడికాయల లారీ నడిపే మనిషి, కోరుట్లలో బీడీలు చుట్టే మనిషి. ఆ మూడు కథలూ చివరికి ఒకే ఇంటి వాకిట్లో కలుస్తాయి.

"పోస్టర్ గూడ చేసి పంపిండ్రు. అమ్మా, సూడు!" అంటూ సాయి బయటికి పరుగెత్తాడు.

నేను పొయ్యి ఆపి వెనకే వెళ్లాను. వాకిట్లో అత్తమ్మ సత్తవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పోస్టర్ కోసం మేం పంపిన ఫొటో ఏదో నాకు తెలుసు. సినిమాలో బీడీలు చుట్టే ఆమెకు దుబాయి నుంచి భర్త శవం వచ్చిన రోజు, బీడీల చాటలో గాజు ముక్కలు, ఒక బోసి చెయ్యి. ఆ సీను తీసిన రోజు నటి రాలేదు. చెయ్యి ఒక్కటే కదా అని నేనే కూర్చున్నాను. అప్పటికి పెళ్లయి తొమ్మిది రోజులు. పగిలినవి నా పెళ్లి గాజులు. సాయంత్రం అదే రంగువి కొని వేసుకుని, అత్తమ్మకు చెప్పలేదు.

మామయ్య రాజన్న నిజంగానే దుబాయిలో ఉన్నాడు. ఆ రోజు నుంచి ఫోన్ మోగితే ఎత్తాలంటే భయం. సాయి బండి ఐదు నిమిషాలు ఆలస్యమైతే అరచేతులకు చెమట.

అత్తమ్మ ఫొటోను వేళ్లతో పెద్దది చేసింది.

"గీ చెయ్యి ఎవ్వలిది రా?"

"నటిదే అమ్మా."

"నటి గూడ నా కత్తెరతోని ఆకు కత్తిరియ్యబోయి వేలు కోసుకున్నదా? గీ గాటుకు పసుపు పెట్టింది నేనే గదరా." నా వైపు తిరిగింది. "నిజం చెప్పు బిడ్డా."

"నేనే అత్తమ్మా. నా గాజులు పగుల..."

"ఏయ్! ముత్తైదువవు, గా మాట అనకు. పెరిగినయి అను."

"పెరిగినయి," అన్నాను.

"గా సీను తీసెయ్యమంటవా అమ్మా?" అన్నాడు సాయి. "తీసేస్తే మూడు కథలు ఎక్కడియక్కడ ఊడిపోతయి."

అత్తమ్మ మామయ్యకు ఫోన్ కలిపింది. ఒక రింగు. రెండు. మూడు. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ కలిపింది. నేను మెట్టెలు నేలకు అదిమి నిలబడ్డాను.

"ఏందే, డ్యూటీల ఉన్న!" మామయ్య అరిచాడు.

"ఏం లేదు. అన్నం తిన్నవా?"

"పొద్దుగాల పదింటికి అన్నమేందే? పిచ్చి లేసిందా?"

"సరే, పెట్టెయ్."

అత్తమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. చాట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది, కానీ ఆకు మడవలేదు.

"బొమ్మ ఉండనియ్యి. పెరిగినయి అన్నంక పెరగాలె గదా. రేపు పొద్దుగాల మొదటి బస్సుకు ఎములాడ గుడికి పోదాం. రాజన్న దేవునికి మొక్కి, ఇద్దరం మోచేతుల దాంక గాజులేసుకుందాం. సాయీ, నువ్వు గూడ రా. బండి మీద గాదు, మాతోని బస్సుల."