మా ఆయన డబ్బా

పెరటి మెట్టు విరిగితే కొత్తది తనే పోస్తానంది మా అమ్మాయి. తాపీపని వాళ్ళ నాన్న దగ్గరే నేర్చుకుంది. ఆ మాట వినగానే అటక మీంచి ఆయన డబ్బా దింపించాను. పైభాగం కోసేసిన నూనె డబ్బా, రెండు పక్కలా కర్ర పిడులు. ఆయన పోయాక దాన్నెవరూ ముట్టుకోలేదు. మేమిద్దరం కట్టిన ఇళ్ళన్నింటికీ కొలత అదే. సిమెంటు ఒక డబ్బా, ఇసుక రెండు, కంకర నాలుగు. ఆయన కొలిచేవారు, నేను కలిపేదాన్ని. ఈ ఒక్క మెట్టయినా దాంతో పోస్తే ఆయన పెరట్లో తిరిగినట్టుంటుందని నా ఆశ.

అమ్మాయి డబ్బా పైకెత్తి, తుప్పుపట్టి ఊడిపోయిన అడుగులోంచి నన్ను చూసింది.

"ఇది డబ్బా కాదే అమ్మా, కిటికీ."

"అడుగున రేకుముక్క పెట్టుకోవే."

"కొలత ఏదైతేనేం? అన్నీ దాంతోనే పోస్తే సరి. నాన్నే చెప్పేవాడుగా."

ఆయన మాటతోనే ఆయన డబ్బాను పక్కన పెట్టేసి బకెట్టు తెచ్చుకుంది. నేను మూతి ముడుచుకుని కూర్చున్నాను.

ముందురోజు వానకి ఇసుక తడిసి ఉంది. తడి ఇసుక ఉబ్బుతుంది, కొలత నిండినట్టే ఉంటుంది గానీ సరుకు తక్కువ. అందుకే ఆయన చెక్కతో చదును చేశాక పైన దోసెడు ఇసుక వేసేవారు. వేస్తూ నా వైపు చూసి, "ఉబ్బినవాళ్ళకి కాస్త ఎక్కువే పెట్టాలి" అనేవారు. నాకు అలక జాస్తి మరి.

అమ్మాయి బకెట్టు నింపి చెక్కతో గీసింది. నేను కళ్ళార్పకుండా చూస్తున్నాను. దోసెడు ఇసుక తీసి పైన వేసింది. నా వైపు చూడలేదు, ఏమీ అనలేదు. చేతులకి గుర్తుంది, అంతే.

నీళ్ళు పోయడానికి నేను లేచాను. మొదట్నుంచీ అది నా పనే. ఎన్ని పోయాలో మాత్రం ఎన్నడూ చూసుకోలేదు. ఆయన "చాలు" అనేవారు, నేను ఆపేదాన్ని. బిందె వంచాను. వంచి, ఆ మాట కోసం వింటూ నిలబడ్డాను. కలిపిందంతా జావై నా పాదాల దాకా వచ్చింది.

అమ్మాయి పార ఆపి నా మొహం చూసింది. కసురుతుందనుకున్నాను. తను మళ్ళీ సిమెంటు, ఇసుక, కంకర కొలిచి పొడిగా కలిపింది.

"బిందె పట్టుకో. ఎప్పుడు ఆపాలో నేను చెప్తా."

వంచాను.

"చాలమ్మా."

గొంతు ఆయనది కాదు. అయినా ఆపాను.