ట్యూబుల సైదా ఆదివారం

నాలుగో ట్యూబుకు గాలి కొడుతుండగా సూర్యుడు సముద్రంలోంచి తల పైకెత్తాడు. జాన్ సైదా ఆయన వంక చూడనైనా లేదు. రోజూ వచ్చేవాడే కదా, మర్యాద ఏముంది.

పంపు అడుగుపట్టీ మీద రెండు పాదాలూ ఆనించి, పిడి పట్టుకుని వంగుతూ లేస్తున్నాడు. లారీ ట్యూబు ఇసుకలో పడుకున్న గేదెలా ఒక పక్కకు ఒత్తిగిలి, మెల్లగా ఒళ్ళు చేసింది. పిడికిలితో దాన్ని ఒక్క గుద్దు గుద్ది, సరేనన్నట్టు తల ఊపాడు. గాలి పిన్ను జనం నడుములు గీరకుండా దానికి పాత గుడ్డ చుట్టి, పైన సైకిలు ట్యూబు ముక్కతో బిగించాడు. తర్వాత నైలాను తాడు. ప్రతి ట్యూబుకూ ఒక తాడు, తాళ్ళ కొసలన్నీ సైదా చేతిలో. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, గొర్రెల్ని తోలినట్టు మనుషుల్ని కెరటాల మీద మేపడం అతని ఉద్యోగం.

మనిషి సన్నగా, పొడుగ్గా, ఎండలో మరిచిపోయిన సరుగుడు వాసంలా ఉంటాడు. మోకాళ్ళ పైన నల్లగా నిగనిగలాడే శరీరం. మోకాళ్ళ కింద ఉప్పునీటికి నాని నాని పాలిపోయిన కాళ్ళు. పైనా కిందా చూసినవాడు ఇద్దరు మనుషుల్ని అతికించారేమో అనుకుంటాడు. కుడి అరచేతిలో తాడు కోసిన గాడి ఉంది. చేతిగీతలు చూసే ఒకాయన దాన్ని పట్టుకుని, "ఇంత పొడుగు ఆయుర్దాయం నేనెక్కడా చూళ్ళేదు" అని వంద పుచ్చుకుపోయాడు. గడ్డానికి ఎర్రటి గోరింటాకు. అది ఇమాం బీ పనితనం.

సూర్యలంకలో సైదా ట్యూబు ఎక్కనివాడు హైదరాబాదువాడే కాడని బాపట్ల స్టేషను దగ్గర ఆటోవాళ్ళు ఒట్టేసి చెబుతారు. ఆటోవాళ్ళ ఒట్టుకేముంది గానీ, ఇందులో కొంత నిజం లేకపోలేదు. కుర్రతనంలో తెనాలిలో లారీ పంచర్ల కొట్లో పనిచేసిన సైదా, పెళ్ళయ్యాక బాపట్ల చేరుతూ రెండు పాత ట్యూబులు భుజాన వేసుకొచ్చాడు. ఆ రెండే ఇవాళ డజనయ్యాయి. ఈ మధ్య లారీలకు కూడా ట్యూబుల్లేని టైర్లు వచ్చిపడ్డాక, పాత ట్యూబు ఎక్కడైనా ఉందంటే రేపల్లె దాకా వెళ్ళి పెళ్ళిసంబంధం చూసినంత శ్రద్ధగా చూసి తెచ్చుకోవాలి. అందుకే ఉన్నవాటికే అతుకు మీద అతుకు వేసి కాపాడుకుంటున్నాడు. వాటిలో ఒకదాని మీద అతుకులు పోగా మిగిలిన ట్యూబు ఎంతో అతనికే తెలీదు.

ఇంతకీ ఈ ఆదివారం సంగతి చెప్పాలి.

సైదాకు పని శని, ఆదివారాల్లో. సోమవారం నుంచి సముద్రం ఖాళీ. ఇంట్లో మంచం మీద కూర్చుని ట్యూబులకు అతుకులు వేసుకుంటాడు. ఇమాం బీ వేటపాలెంలో జీడిపప్పు షెడ్డుకు వెళ్తుంది. పొద్దున్నే పాసింజరు ఎక్కితే మళ్ళీ దీపాలవేళకే ఇల్లు. జీడిరసానికి వేళ్ళ కొసలు నల్లబడి, ఎంత రుద్దినా పోవు. ఆమెకు సెలవు ఒక్క ఆదివారమే. వీళ్ళ పెళ్ళయి, కూతురు రుక్సార్ పుట్టి పెద్దదై, రేపల్లెలో కాపురానికి వెళ్ళి, పిల్లల్ని కన్నది కూడా. ఇప్పటివరకు మొగుడూ పెళ్ళాలకు ఒకే రోజు సెలవు దొరికిన పాపాన పోలేదు. ఆటోలో రెండు కబుర్లు చెప్పుకునేంత దూరంలో సముద్రం ఉంది. దాని ఒడ్డున పక్కపక్కన కూర్చున్నది లేదు. వస్తానని ఆమె అనడం, రమ్మని అతను అనడం, ఏదో ఒకటి అడ్డం పడటం. ఓసారి తుఫాను. ఓసారి రుక్సార్ పురుడు. ఎక్కువసార్లు మాత్రం జనం.

మొన్న శుక్రవారం సైదా నమాజు నుంచి వచ్చాక అతని గడ్డానికి గోరింటాకు పెడుతూ ఆమె అంది. ఆ రోజు షెడ్డులో కరెంటు లేక ముందే పంపేశారు.

"ఈ ఆదివారం వస్తన్నానయ్యా. మద్దేనం దాకా నీ బేరం నీది. తర్వాత నాది."

గడ్డం నిండా గోరింటాకు ఉన్నవాడు తల ఊపకూడదు కాబట్టి సైదా చెయ్యి ఊపాడు. ఖాయం అన్నాడు. మధ్యాహ్నం మసీదులో బాంగు ఇచ్చే వేళకు ట్యూబులన్నీ ఒడ్డుకు లాగేస్తానన్నాడు.

కార్తీకమాసమని ఆ చెయ్యి ఊపేటప్పుడు అతనికి గుర్తులేదు.

ఎండ ఎక్కేసరికి కార్లు దిగాయి. పట్నంవాళ్ళు విశ్రాంతి తీసుకోవడానికి పడే కష్టం చూస్తే జాలేస్తుంది. రాత్రంతా కారు నడిపి, కళ్ళు ఎర్రజేసుకుని దిగుతారు. దిగీ దిగగానే సముద్రానికి వీపు పెట్టి ఫోను ఎత్తుతారు. ఈ సముద్రం హైదరాబాదు ముఖాలకంటే హైదరాబాదు వీపుల్నే ఎక్కువ చూసి ఉంటుంది. ఆ తర్వాత ఎక్కడ తినాలనే విషయం మీద ఒక గంట పోట్లాట. పిల్లలు ఇసుకలో ఆడుకుంటుంటే, ఇలా కాదు అలా ఆడమని తల్లులు నేర్పిస్తారు, వీడియోలో బాగా రావాలని. సాయంత్రం నాలుగు కొట్టగానే అందరి ముఖాల మీదా సోమవారం వచ్చి కూర్చుంటుంది. ఇన్నేళ్ళుగా చూస్తున్న సైదాకు ఒకటే ఆశ్చర్యం. ఇంత కష్టపడి వచ్చినవాడు, ట్యూబులో కూర్చుని మొదటి కెరటం తగలగానే, ఏ ఉద్యోగంవాడైనా సరే, పసిపిల్లాడిలా కేక పెడతాడు. ఆ కేక వినడానికైనా తాడు పట్టుకోవచ్చనిపిస్తుంది.

ఆ రోజు అనుదీప్ అనే కుర్రాడు, భార్య లిఖిత, వాళ్ళ పాప, ముగ్గురు స్నేహితులు కలిసి వచ్చారు. కంప్యూటరు ఉద్యోగాలట. అనుదీప్ మెడలో ప్లాస్టిక్ సంచిలో ఫోను వేలాడుతోంది; ట్యూబులో వెల్లకిలా పడుకుని కూడా ఆఫీసుతో మాట్లాడుతున్నాడు. ఆ ఫోను కట్టేయించాలని సైదా తన ఆయుధం బయటికి తీశాడు.

"ఇట్టాగే బాబూ, బెజవాడ షావుకారొకాయన. మనిషి కాదు, ధాన్యం బస్తా. ఈ ట్యూబులోనే కూర్చుని కునుకు తీశాడు. నాకు తాడు జారింది. లేచి చూసుకునేసరికి బందరు రేవు. ఆయన కంగారు పడితేనా? దిగి, బజారుకెళ్ళి, రెండు కేజీల లడ్డూలు కొనుక్కుని, అదే ట్యూబులో కూర్చుని సాయంత్రం పోటుకి వెనక్కొచ్చేశాడు. నాకూ ఒకటిచ్చాడు. కాస్త ఉప్పగా ఉంది, అంతే."

ఆరుగురూ నవ్వారు. అనుదీప్ ఫోను కట్టేశాడు. నవ్వించినవాడికి నవ్వినవాళ్ళ మీద మమకారం పుడుతుంది. అది కల్లుకన్నా పాడు అలవాటు. సైదా ఊరుకోలేదు. తన భార్యకు అసలు ట్యూబే అక్కర్లేదన్నాడు. పెళ్ళయిన కొత్తలో అలిగి ఇక్కడ దూకి నిజాంపట్నంలో తేలిందనీ, అక్కడి చేపలవాళ్ళు సొరచేప అనుకుని వల వేశారనీ చెప్పాడు. ఇమాం బీ పుట్టిల్లు దుగ్గిరాల. చిన్నప్పుడు కాలవ వంతెన మీద నుంచి మగపిల్లలతో పోటీపడి దూకేదట. అంతవరకు నిజం. మిగతాది సముద్రపు గాలి.

బాంగు వేళకు ఆమె ఆటో దిగింది. ఆకుపచ్చ చీర, తల మీదుగా కొంగు, చేతిలో టిఫిన్ క్యారేజీ, చంకలో గుడ్డ సంచి. చేపలు వేయించే పున్నమ్మ తన బండి పక్కన టార్పాలిన్ నీడలో పీట వేసి, "ఇన్నాళ్ళకు దారి తెలిసిందా వదినా" అంది. సైదా తాళ్ళు చేతిలో ఉండగానే ఒడ్డుకొచ్చాడు. అతని వెనక నీళ్ళలో ట్యూబులు ఊగుతున్నాయి.

ఆమె అతన్ని చూడలేదు. నీళ్ళ వంకే చూస్తోంది.

"చల్లగా ఉంటయ్యా నీళ్ళు?"

ఆ ప్రశ్న రోజుకు నలభైమంది అడుగుతారు. జవాబు అతని నాలిక మీద ఎప్పుడూ తయారుగా ఉంటుంది.

"చల్లగానా? మొన్న ఒక పీత వచ్చి నన్ను దుప్పటి అడిగింది."

పున్నమ్మ పకపకా నవ్వింది. ఇమాం బీ కూడా కొంచెం నవ్వి, కొంగు సర్దుకుంది. ట్యూబులు లాగేస్తావా అని అడిగింది. ఈ ఒక్క విడతేనన్నాడు సైదా. అంతలో నీళ్ళలోంచి అనుదీప్ పిలిచాడు.

"పెద్దాయనా, ఆ బందరు లడ్డూ కథ ఇంకోసారి చెప్పండి. వీడియో తీస్తాం."

సైదా భార్య వంక చూశాడు. ఆమె పొమ్మన్నట్టు గడ్డం ఎత్తింది. డబ్బుకైతే వెళ్ళేవాడు కాదు; ఆ సంగతి తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నాడో. కథ మళ్ళీ అడిగారు, అంతే. గడ్డం నీళ్ళతో తడిపి దువ్వుకుని, నీళ్ళలోకి దిగాడు.

రెండోసారి చెప్పినప్పుడు షావుకారు లడ్డూలతో పాటు పెళ్ళాన్ని కూడా తెచ్చుకున్నాడు. మూడోసారికి ట్యూబు మీద తిమింగలం ఎక్కింది. వేరే కార్లవాళ్ళు కూడా చేరారు. మధ్యలో ఒకసారి తల తిప్పి చూస్తే, ఒంటి నిండా ఇసుకతో లిఖిత టార్పాలిన్ కింద ఇమాం బీ పక్కన కూర్చుని ఉంది. ఏదో అడుగుతూ సముద్రం వైపు చెయ్యి చూపిస్తోంది, లేవమన్నట్టు చెయ్యి పట్టుకుంటోంది. ఇమాం బీ తల అడ్డంగా ఊపి, సైదా వైపు చూపించి ఏదో అంది. నిజాంపట్నం ఈత గురించి అడుగుతోంది కాబోలు, ఈవిడ నా అబద్ధం బయటపెడుతోంది కాబోలు అనుకుని సైదాకు నవ్వొచ్చింది. దూరం నుంచే చెయ్యెత్తి, వస్తున్నానని సైగ చేశాడు. ఆమె కూడా చెయ్యెత్తింది.

అతను వచ్చింది మాత్రం కాళ్ళు పూర్తిగా ముడతలు పడ్డాక. కార్లు ఒక్కొక్కటే మొహం తిప్పుకుంటున్నాయి. అన్నం చల్లారిపోయింది. నిలబడే నాలుగు ముద్దలు తిన్నాడు, ఒక చేత్తో ట్యూబుల గాలి తీస్తూ. బస్సెడు జనం ఇంకా నీళ్ళలోనే ఉన్నారు కాబట్టి పోలీసు విజిల్ ఊదుతున్నాడు. బాపట్ల ఆటో బయల్దేరుతోందని ఎవరో అరిచారు.

సైదా ఇసుక వంక చూస్తూ, కార్తీకమాసమని మరిచిపోయానన్నాడు.

"బాగుందయ్యా. అందరూ బాగా నవ్వారు," అంది ఇమాం బీ లేస్తూ. చీర కుచ్చెళ్ళలో ఇసుక దులుపుకుంది.

"వచ్చే ఆదివారం పొద్దున్నే రా. అసలు ట్యూబులే దించను."

"సరేలే. ఆదివారం ఎక్కడికి పోద్ది."

ఆటో కిక్కిరిసి ఉంది. డ్రైవరు పక్కన సగం సీటులో కూర్చుని, కొంగు గాలికి ఎగరకుండా పళ్ళతో పట్టుకుని వెళ్ళింది.

బుధవారం తెల్లవారి సైదా మంచం మీద ట్యూబుకు అతుకు వేస్తున్నాడు. ఇమాం బీ షెడ్డుకు తయారై, అన్నం డబ్బా కట్టుకుని, చెప్పులు వేసుకుని గుమ్మంలో కూర్చుంది. ఆయాసంగా ఉంది, కాసేపాగి వెళ్తానంది. సరేనని సైదా ఆదివారం కథ ఎత్తుకున్నాడు. ట్యూబు మీద తిమింగలం ఎక్కినప్పుడు ఆ కుర్రాళ్ళు ఎలా నోళ్ళు తెరిచారో చెబుతున్నాడు. ఆమె గుమ్మానికి తల ఆనించి ఊ కొడుతోంది. తిమింగలం దిగింది. షావుకారు పెళ్ళాం అలిగింది. కథ బందరు రేవు దాటుతుండగా సైదాకు ఎక్కడో తాడు జారినట్టనిపించింది. చాలాసేపటి నుంచి ఊ వినపడటం లేదు.

పాసింజరు కూత మాత్రం వినపడింది.

మూడో రోజు ఇమాం బీ పేరున ఫాతెహా చదివించాక రుక్సార్ తనతో రేపల్లె రమ్మంది. నాలుగు రోజులు పోనీ అన్నాడు. ఆదివారం పొద్దున్నే ఏమీ తోచక, ట్యూబులు లేకుండా, ఉత్త చేతులతో సూర్యలంక ఆటో ఎక్కాడు. ఇంట్లో గోడలు ఊ కొట్టవు కదా.

కార్లు అప్పుడే దిగుతున్నాయి. ఎవరో కొత్తవాళ్ళు సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డారు. పున్నమ్మ అతన్ని చూసి, మూకుడు దించేసి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. టార్పాలిన్ నీడలో అదే పీట వేసింది. సైదా కూర్చున్నాడు. ఈ ఒడ్డున అతను కూర్చోవడం అదే మొదలు.

"పట్నం పిల్ల ఆ రోజు నీళ్ళలోకి రమ్మని ఎంత లాగిందో సైదన్నా," అంది పున్నమ్మ. "వదిన వినలా. ఆయన్ని రానీ తల్లీ, ఇద్దరం కలిసి దిగుతాం అంది."

సైదా సముద్రం వంక చూశాడు. ఆ రోజు పైకెత్తిన తన చెయ్యి అక్కడెక్కడో నీళ్ళ మీద ఇంకా ఊగుతున్నట్టుంది.

పున్నమ్మ వంగి, బండి కింద నుంచి ఒక గుడ్డ సంచి తీసి అతని ఒడిలో పెట్టింది. నీళ్ళు తగలకుండా పెట్టమని ఇమాం బీ ఆ రోజు వచ్చీరాగానే ఇచ్చిందట. ఆటో తొందరలో ఇద్దరూ మరిచిపోయారు.

సైదా సంచి మూతి విప్పాడు. పైన ఆమె పాత నూలుచీర, రవిక, లోపలి లంగా, ఒకదానిలో ఒకటి మడిచి ఉన్నాయి. కింద అతని గళ్ళ లుంగీ, బనీను. ఎండకు ఆరిన వాసన ఇంకా పోలేదు. చెయ్యి పెట్టి అడుగుదాకా వెతికాడు.

రెండు జతల పొడిబట్టలకూ కలిపి ఒకటే తువ్వాలు ఉంది.