కోర్టు లేచేదాకా

మా ఆయన ఫోటో మా ఇంట్లో ఒక్కటే ఉండేది. అదీ గోడ మీద కాదు, ఆయన డ్రైవింగు లైసెన్సు పుస్తకంలో. ఆయన జగ్గయ్యపేటలో అచ్చయ్యగారి బాడుగ కారు నడిపేవారు. పొద్దున్నే చొక్కా తొడుక్కుంటూ "సాయంత్రానికి వచ్చేస్తా" అనేవారు. ఆ మాట నాకు గిట్టేది కాదు. మా నాన్న మిరపకాయలు అమ్మడానికి బెజవాడ వెళ్తూ ఆ మాటే అన్నాడు. అక్కడ కలరా తగిలి పోయాడు. మా అన్న బసవయ్య కీసర దగ్గర మునేరు దాటబోతూ ఆ మాటే అన్నాడు. ఏరు పొంగింది. వాళ్ళిద్దరికీ ఫోటోలు లేవు. ఇద్దరి మొహాలూ నాకు సరిగ్గా గుర్తు రావు.

అందుకని ఈయన దూరం బాడుగకి వెళ్ళేరోజు, జేబులోంచి లైసెన్సు తీసి నా పెట్టెలో దాచుకునేదాన్ని. ఆయన ఇంటికి రాగానే చొక్కా వంకీకి తగిలించే వంకన మళ్ళీ జేబులో పెట్టేసేదాన్ని. కారు నేర్చుకున్నప్పుడు ఇచ్చిన కాగితమే కదా, వచ్చేసిన విద్యకి ఇంకా కాగితం దేనికి అనుకున్నాను.

అరవై ఒకటో సంవత్సరం శ్రావణంలో పెళ్ళివారిని ఎక్కించుకుని వెళ్తుంటే చిల్లకల్లు దగ్గర పోలీసులు కారు ఆపారు. అయిదుగురు పట్టే కారులో తొమ్మిదిమంది ఉన్నారు. హెడ్డు లైసెన్సు అడిగాడు. ఈయన జేబు తడుముకుని, "ఇంట్లో ఉందండీ" అన్నారు.

"కారు నడిపేది నువ్వా, మీ ఇల్లా?" అన్నాడట హెడ్డు. రెండు తప్పులూ రాసుకున్నాడు.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబుతూ ఆయన నా పెట్టె వైపు చూశారు. తిట్టినా బాగుండేది.

నెల తిరక్కుండా నందిగామ కోర్టు నుంచి సమను వచ్చింది. నేను చదువు నేర్చుకున్నది పొట్లాల కాగితాల మీద. శనగపప్పు అయిపోయాక కాగితం సాపుచేసి, తెలిసిన అక్షరం పక్కన తెలియనిదాన్ని పెట్టి కూడబలుక్కునేదాన్ని. సమను కూడా అలాగే కూడబలుక్కున్నాను. 'ముద్దాయి' అన్నచోట ఆగిపోయి పక్కింటి రాఘవమ్మని అడిగాను.

"ముద్దాయంటే దొంగతనం చేసినవాడు వదినా. మా మేనమామని అట్లాగే రాసారు. ఆర్నెల్లు వేసారు" అంది రాఘవమ్మ.

వాయిదానాడు నేను కూడా బయల్దేరాను. ఒక బొంత, చెంబు, రెండు పంచెలు, ఆవకాయ జాడీ, పది వేపపుల్లలు కలిపి మూట కట్టాను. మరో గుడ్డలో పెరుగన్నం కట్టాను.

"ఏమే, కోర్టుకా, కాశీకా?" అన్నారు ఆయన.

"మీరు నడవండి" అన్నా.

కోర్టు హాలు మా ఊళ్ళో పొగాకు కాల్చే బేరన్ కొట్టంత లేదు. గుమ్మం పక్కన మూట పెట్టుకుని నిలబడ్డాను. బంట్రోతు ఒక్కొక్క పేరూ మూడేసి సార్లు కేకవేస్తున్నాడు. పిలిపించుకున్నవాడు బోనెక్కడం, గుమాస్తా నేరం చదవడం, "ఒప్పుకుంటావా?" అంటే "ఒప్పుకుంటున్నా బాబూ" అనడం, జరిమానా చెప్పించుకుని దిగడం. సైకిలుకి దీపం లేనివాళ్ళు, ఒకే సైకిలు మీద ముగ్గురెక్కినవాళ్ళు, చకచకా అయిపోయారు.

పుల్లయ్య అనే ముసలి రైతు మాత్రం ఒప్పుకోలేదు. ఎడ్లబండి కింద లాంతరు లేదనీ, బండిలో నిద్రపోయాడనీ ఆయన మీద కేసు.

"నేను పడుకుంటే ఏమండీ, ఎద్దులకి దారి తెలుసు" అన్నాడు పుల్లయ్య.

"అయితే సమను ఎద్దులకే పంపాల్సింది" అన్నారు మేజిస్ట్రేటుగారు. "రెండు రూపాయలు. లాంతరు కొనుక్కో."

ఆ తర్వాత బంట్రోతు, "వెంకటరత్నం! వెంకటరత్నం! వెంకటరత్నం!" అని అరిచాడు. ఆ పేరు నేను ఏనాడూ పలికి ఎరగను. అంత గట్టిగా మూడుసార్లు వినేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

ఆయన బోనెక్కారు. రెండు తప్పులూ ఒప్పుకున్నారు.

"లైసెన్సు ఉంచుకుని కూడా జేబులో ఎందుకు పెట్టుకోలేదయ్యా?" అని అడిగారు మేజిస్ట్రేటుగారు.

"మర్చిపోయానండీ."

నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది. "ఆయన మర్చిపోలేదండీ. నేను తీసానండీ."

హాలంతా ఇటు తిరిగింది. గుమాస్తా కళ్ళజోడు పైకెత్తి, "నువ్వెవరమ్మా? మీ ఆయన పేరేంటి?" అన్నాడు.

"ఇప్పుడే పిలిచారు కదండీ."

ఎవరో నవ్వారు. మేజిస్ట్రేటుగారు నవ్వలేదు. "ఎందుకు తీసావమ్మా?" అన్నారు.

"ఫోటో ఉందండీ అందులో. ఇంట్లో ఇంకోటి లేదు."

మేజిస్ట్రేటుగారు కాగితం మీద ఏదో రాసుకున్నారు. తర్వాత, "మనుషుల్ని మితిమీరి ఎక్కించడం చిన్న తప్పు కాదు. లైసెన్సు జేబులో ఉండాలి. కోర్టు లేచేదాకా ఖైదు, పది రూపాయల జరిమానా. ఇంకో ఫోటో తీయించవయ్యా ఆవిడకి" అన్నారు.

ఖైదు అన్న మాట దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి. కోర్టు లేవడమంటే నాకు తెలిసింది ఒక్కటే. బెల్లం పొట్లం కాగితంలో 'వేసవి సెలవులకు కోర్టుల మూత' అని చదివాను. ఇది భాద్రపదం. వేళ్ళు మడిచి లెక్క చూసుకుంటే వైశాఖానికి ఎనిమిది నెలలు వచ్చింది. రాఘవమ్మ మేనమామ కన్నా రెండు నెలలు ఎక్కువ.

మూట ఎత్తుకుని, గుమ్మం దగ్గర కాపలా ఉన్న ప్రేమదాసు అనే పోలీసు దగ్గరికి వెళ్ళాను. "బాబూ, ఈయనకి కటికనేల పడదు. ఈ బొంత ఇవ్వనిస్తారా? ఆవకాయ వైశాఖం దాకా వస్తుంది."

ప్రేమదాసు మూటనీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "వైశాఖం ఏంటమ్మా?"

"కోర్టు లేచేది వేసవి సెలవులకే కదా."

అతను నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు. కళ్ళు తుడుచుకుని, "కోర్టు లేవడమంటే దొరగారు కుర్చీలోంచి లేవడమమ్మా. ఇవాళ అయిదింటికి. అందాకా మీ ఆయన ఆ వెనక బల్ల మీద కూర్చోవాలి. అదే ఖైదు" అన్నాడు.

"సాయంత్రానికి వచ్చేస్తారా?"

"వచ్చేస్తాడమ్మా."

ఆ మాట మొదటిసారి నాకు గిట్టింది. వరండాలో కిటికీ కింద చతికిలపడ్డాను. లోపల బల్ల మీద ఆయన కూర్చుని ఉన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన పగలల్లా ఒకేచోట, నా కంటి ముందు ఉన్నది ఆ ఒక్కరోజే. మధ్యాహ్నం దొరగారు భోజనానికి లేస్తే, కోర్టు లేచిందనుకుని నేనూ లేచాను. "అది ఉత్త లేవడం, కూర్చోమ్మా" అన్నాడు ప్రేమదాసు. పెరుగన్నం అతనే లోపలికి అందించాడు.

అయిదు కొట్టాక కుర్చీలు కదిలాయి. అందరూ నిలబడ్డారు. మేజిస్ట్రేటుగారు లేచి లోపలికి వెళ్ళారు. మా ఆయన నడుం పట్టుకుంటూ బయటికి వచ్చి, మూట భుజాన వేసుకున్నారు.

"కాశీయాత్ర అయినట్టేనా?" అన్నారు.

బస్సుకి టైముంది. బజారులో ఫోటోలు తీసే కొట్టుకి తీసుకెళ్ళారు. నన్ను కూడా పక్కన కూర్చోమన్నారు. ఆ మూట ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాను. ఫోటోలో అది కూడా పడింది. ఆ రోజు నుంచి లైసెన్సు ఆయన జేబు దాటలేదు.

మేం ఇల్లు చేరేసరికి రాఘవమ్మ గుమ్మంలోనే ఉంది. చీకట్లో నన్నొక్కదాన్నే చూసి, "ఎన్నాళ్ళు వేసారు వదినా?" అంది.

"కోర్టు లేచేదాకా."

"అయ్యో, ఎప్పుడు లేస్తుందిట?"

"లేచింది" అన్నా. వెనక నుంచి ఆయన దగ్గారు.