తలుపు అద్దానికి తెర

"రేపు పాటల క్లాసుకి ఈ గౌను వేసుకెళ్లు పిచ్చుకా" అంది తల్లి, మిషను తొక్కుతూ.

"నేను వెళ్లను. కడుపునొప్పి."

"రేపటి నొప్పి ఇవాళే వచ్చేసిందా? గొప్ప కడుపే నీది!"

పిల్ల నవ్వలేదు. వాగుడుకాయ కాబట్టే దానికా పేరు. ఈమధ్య నోరు కుట్టేసుకున్నట్టు ఉంటోంది.

"మాస్టారు తిట్టారా?"

"లేదు. అందర్నీ పంపేసి నన్నే ఉండమంటారు. చాక్లెట్లిస్తారు. భుజం మీద చెయ్యేస్తే తీసెయ్యమన్నాను, నవ్వారు." గొంతు తగ్గింది. "అమ్మకి చెబితే దేవుడికి కోపమొస్తుందట."

మిషను ఆగిపోయింది.

"తలుపు వేసుంటుందా?"

"ఊఁ. నువ్వు కుట్టిన తెర కూడా."

ఆమె మిషను ముందునుంచి లేచింది. చర్చిలో పిల్లల గదుల తలుపులన్నిటికీ చిన్న అద్దాలుంటాయి, బయటివాళ్లకి లోపల కనిపించాలని. ఎండ కళ్లలో పడుతోందని మాస్టారు అడిగితే, దేవుడి పని కదా అని మురిసిపోయి, వెలుతురు దూరకుండా దళసరి గుడ్డతో కుట్టిచ్చింది. ఆ తలుపు నడవాలోకి తెరుచుకుంటుంది. నడవాలోకి ఎండెక్కడిది?

"నీ తప్పేం లేదు తల్లీ. చెప్పి మంచిపని చేశావు."

పిల్లని అమ్మమ్మ దగ్గర కూర్చోబెట్టి, కత్తెర పట్టుకుని చర్చి పక్కనే ఉన్న పాస్టరమ్మగారింటికి పరుగెత్తింది. చర్చి బట్టలు కుట్టే పనే ఇల్లు గడుపుతోంది. అది పోతుందన్న భయం వెనకాలే వచ్చింది.

"మాస్టారు నాకు తమ్ముడిలాంటివాడు" అంది పాస్టరమ్మ అంతా విని. "నలుగురికీ తెలిస్తే చర్చి పరువేం కాను?"

"పరువు తర్వాత అమ్మగారూ. ఇప్పుడా గదిలో ఎవరున్నారు?"

"ఇవాళ్టి చిన్నపిల్లల క్లాసు ఎప్పుడో అయిపోయిందే..."

ఇద్దరూ చర్చి నడవాలోకి పరుగెత్తారు. హార్మోనియం వినిపిస్తోంది. వీళ్లు గది దగ్గరికి వచ్చేసరికి ఠక్కున ఆగిపోయింది. లోపల్నుంచి మాటా పలుకూ లేదు. తలుపు తోస్తే గడియ. పాస్టరమ్మ మొహంలో రంగు మారింది. రెండు చేతులతో బాదింది.

మాస్టారు నవ్వుతూ తీశాడు. "ఏంటక్కా ఇంత హడావిడి?"

అతని వెనక ఒక చిన్నపిల్ల గౌను అంచు నలుపుకుంటూ నిలబడింది. చేతిలో విప్పని చాక్లెట్.

పాస్టరమ్మ ఆ పిల్లని తన వైపు లాక్కుంది. "తాళంచెవి ఇలా ఇవ్వు. ఇంకెప్పుడూ పిల్లల దగ్గరికి రాకు. పోలీసులకి నేనే ఫోన్ చేస్తున్నాను."

నవ్వు పోయింది అతనికి.

తల్లి తెరకి కత్తెర వేసింది. ఏ గుడ్డయినా గీత గీసినట్టు కోసే చెయ్యి. ఆ తెర మాత్రం వంకరటింకరగా తెగింది.