ఏడు గంటల ఆకాశం

మా బావ కంప్యూటర్లో విమానం నేల మీద నిలబడటం లేదు. నడుం దాకా రన్‌వేలో కూరుకుపోయి, ఈత రానివాడు నీళ్ళలోకి దిగినట్టు రెక్కలు మాత్రం పైకి చాపుకుని ఉంది. దాని ముందు, సరిగ్గా రన్‌వే మధ్యలో, నాలుగు చెట్లు మొలిచాయి.

"ఇదేమిటి బావా, విమానం దింపమంటే తోట వేశావు?" అన్నాను.

"నేనేం వేశాను? నువ్వు ఎంచిన సీనరీయే కదా మబ్బులమ్మా!"

మబ్బులమ్మ అంటే నేనే. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒక చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లో వాతావరణం గదిలో పనిచేసి, ఆరు నెలల కిందటే రిటైరయ్యాను. గంట గంటకీ గాలి, మబ్బు, వేడి, పీడనం, చూపు ఎంత దూరం ఆనుతుందో రాసి పంపడం నా పని. బావంటే మా అక్క భర్త. పార్సెళ్ళు మోసే చిన్న విమానం నడిపేవాడు. నడిపేవాడు అనే అనాలి ఇప్పుడు.

పదకొండు నెలల కిందట ఒక ఉదయం ఏడు గంటలకి, మా ఎయిర్‌స్ట్రిప్‌లో దిగుతూ బావ రన్‌వే దాటి గడ్డిలోకి పోయాడు. ముందు చక్రం విరిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సరస్సు వైపు సగం రన్‌వే పొగమంచులో ఉందని, చివర కనపడలేదని బావ చెప్పాడు. ఆ ఏడు గంటలకి నేను పంపిన రిపోర్టులో మాత్రం ఆకాశం నిర్మలంగా ఉందని, పది కిలోమీటర్లు స్పష్టంగా కనిపిస్తోందని ఉంది. విచారణలో నన్ను నిలబెట్టి అడిగారు. చూసే రాశానని ప్రమాణం చేసి చెప్పాను. బావ అయితే ఏం, తమ్ముడైతే ఏం, నా రిపోర్టు నా రిపోర్టే అనుకున్నాను. అక్క రెండు నెలలు నాతో మాట్లాడలేదు. బావ లైసెన్సు ఆపేశారు. యాభై ఎనిమిదేళ్ళవాడికి చూపు తప్పి ఉంటుందని ఒక మాట కాగితం మీదకి ఎక్కింది. ముగ్గురు కంటి డాక్టర్లు కళ్ళు బాగున్నాయన్నా ఆ మాట దిగలేదు. ఆఖరి విచారణ ఈ గురువారం. ఆ రోజు ఏం తేలితే అదే ఖాయం.

అన్నిటికన్నా పాడు సంగతేమిటంటే, బావకే తన కళ్ళ మీద నమ్మకం పోయింది. కాఫీ కప్పు అందుకునేటప్పుడు కూడా ఒక క్షణం ఆగి చూసుకుంటున్నాడు. నాకు చూడబుద్ధి కాదు.

ఆయనే ఒక రోజు ఫోన్ చేశాడు. "మరదలా, ఇంట్లో విమానం నడుపుకునే ప్రోగ్రాం ఉంది కదా, దానికి వాతావరణం అమ్ముతున్నారట. పాత తేదీ ఏదైనా పెడితే ఆ రోజు ఆకాశం ఎలా ఉందో అలాగే చూపిస్తుందట. ఆ ఉదయం మళ్ళీ దిగుతాను. నీ మాటా వద్దు, నా మాటా వద్దు. అది చెప్పింది వినేద్దాం."

సరేనన్నాను. మేం కొన్న వాతావరణం ప్రోగ్రాం డబ్బా మీద ఉపగ్రహం తీసిన భూమి ఫొటో ఉంది. పైనుంచి తీసిన ఫొటోలన్నీ పోగేసి చూపిస్తారు కాబోలనుకున్నాం. ముప్ఫై ఏళ్ళు విమానం తోలినవాడు ఒకడు, ముప్ఫై ఏళ్ళు ఆకాశం రాసినది ఒకతె, ఇద్దరికీ కలిపి కంప్యూటర్ గురించి తెలిసింది సున్నా.

అలా సోమవారం పొద్దున్నే అక్క ఇంటికి వచ్చి, ఆమె బట్టలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చున్నాం. అక్క టైలరు. బల్లకి ఒక చివర రెండు తెరలు, విమానం స్టీరింగూ, ఇంకో చివర ఎవరిదో సగం కుట్టిన జాకెట్టు.

"గురువారం దాకా నా బల్ల నాకు రాదన్నమాట," అంది అక్క, నోట్లో గుండుసూదులు పెట్టుకునే.

కంప్యూటర్ మెకానిక్కుకి ఫోన్ చేశాను. మహానుభావుడు తీరిగ్గా విన్నాడు.

"మేడం, మీరు రెండు సీనరీలు, అంటే నేల బొమ్మలు, ఎక్కించారు. ఒకటి పాత వెర్షన్‌కి చేసింది. నేల ఎత్తు ఒకళ్ళది, రన్‌వే ఇంకొకళ్ళది. రెండూ కలవవు. ఒకటి తీసెయ్యండి."

"ఏది తియ్యాలి బాబూ?"

"మీకు అక్కర్లేనిది తియ్యండి."

ఒళ్ళు మండింది. ఏది అక్కర్లేదో తెలిస్తే ఇతగాడితో నాకేం పని? చివరికి పాతది తీసేస్తే చెట్లు పోయాయి, విమానం పైకి తేలింది. బావ మొహం కాస్త విప్పారింది. అంతలో నేను తెర మీది బొమ్మని విమానం కిటికీ వైపు తిప్పి చూస్తే సరస్సు లేదు. సరస్సు ఉండాల్సిన చోట పచ్చగా గడ్డి పరిచి పెట్టారు!

"ఇది కుదరదు బావా," అన్నాను. "ఆ ఎయిర్‌స్ట్రిప్‌లో పొగమంచు వచ్చేదే సరస్సులోంచి. రాత్రి నేల చల్లబడాలి, నీళ్ళు వెచ్చగా ఉండాలి, గాలి లేకుండా ఉండాలి. నీళ్ళే లేకపోతే మంచు ఎక్కణ్ణుంచి లేస్తుంది?"

"నిజమే సుమా," అన్నాడు బావ. "వేరేది చూడు."

సోమవారం సాయంత్రం దాకా సరస్సు ఉన్న సీనరీ కోసం వెతికాం. ఒకదాంట్లో సరస్సు ఉంది, రన్‌వే అడ్డంగా ఉంది. ఒకటి మా వెర్షన్‌కి సరిపోతుందని రాశారు, తెరిస్తే సగం భూమి నల్లగా ఉంది. ఒకటి ఎక్కించాలంటే ముందు ఇంకోటి ఎక్కించాలట, ఆ ఇంకోటి మా వాతావరణం ప్రోగ్రాంతో పడదట. నేను కాగితం మీద ఏది దేనితో పడుతుందో రాసుకుంటూ పోయాను. పెళ్ళి సంబంధాలు కలపడం కూడా ఇంత కష్టం కాదు. బుర్ర వేడెక్కిపోయింది.

మంగళవారం మధ్యాహ్నానికి దొరికింది. సరస్సుంది, రన్‌వే తిన్నగా ఉంది, నేను పనిచేసిన గది కూడా ఉంది, రంగు తప్పు వేశారు గానీ. బావ ఉత్సాహంగా స్టీరింగు పట్టుకున్నాడు. రెండు నిమిషాలు ఎండ. మూడో నిమిషం మంచు కురిసింది. నాలుగో నిమిషం మళ్ళీ ఎండ. ఆ తర్వాత జోరున వాన.

"ఏమేవ్, ఒక్క పూటలో మూడు కాలాలా!" అని అక్క సూదులు తీసి మరీ నవ్వింది. పదకొండు నెలల తర్వాత ఆ ఇంట్లో నవ్వు విన్నాను.

మళ్ళీ మెకానిక్కు. "విమానం ప్రోగ్రాంకి సొంత వాతావరణం ఉంటుంది మేడం. మీరు కొన్నది రెండోది. రెండూ ఆన్‌లో ఉంటే ఇలాగే కొట్టుకుంటాయి. సొంతది ఆపెయ్యండి." ఎక్కడ ఆపాలో కనుక్కోవడానికి ఒక గంట పట్టింది. ఆపాక ఆకాశం కదలకుండా నిలబడింది.

బుధవారం పది గంటలకి ఆ తేదీ పెట్టాం. ఉదయం ఆరు యాభై. బావ చొక్కా గుండీలన్నీ పెట్టుకుని కూర్చున్నాడు. అక్క కత్తెర పక్కన పెట్టి వచ్చి వెనకాల నిలబడింది.

విమానం కొండ మలుపు తిరిగింది. సరస్సు కనిపించింది. దాని మీద ఎండ మెరుస్తోంది. రన్‌వే ఈ చివర నుంచి ఆ చివర దాకా, తెల్ల గీతలతో సహా, ఇస్త్రీ చేసిన పట్టీలా కనపడుతోంది. పొగమంచు కాదు కదా, పొగ కూడా లేదు. బావ మెత్తగా దింపాడు. సగం రన్‌వేలోనే ఆపాడు.

నా మాటే గెలిచింది. గెలిస్తే ఇలా ఉంటుందని తెలిస్తే ఓడిపోయేదాన్ని.

"సరే," అన్నాడు బావ. "నా కళ్ళే." లేచి బల్ల రెండో చివరకి వెళ్ళి జాకెట్టు పక్కకి జరిపి, తెల్లకాగితం తీసుకున్నాడు. "రేపు వాళ్ళు తీసుకునేదాకా ఎందుకు? లైసెన్సు నేనే ఇచ్చేస్తానని రాస్తాను. కళ్ళు కనపడనివాడు విమానం ఎక్కడమేమిటి, ఎవరి ప్రాణం మీదకైనా తెస్తాను."

"ఆగు బావా, ఆగు. సీనరీ సరిపడి ఉండదు. సరస్సు లోతు తక్కువ పెట్టారేమో!" అంటూ ఫోన్ తీశాను.

మెకానిక్కు విన్నాడు, విని నవ్వాడు. "మేడం, అది నీళ్ళు కాదు, నీళ్ళ బొమ్మ. దాంట్లోంచి పొగమంచు ఎలా లేస్తుంది? సీనరీకీ వాతావరణానికీ సంబంధం లేదు. వాతావరణం ప్రోగ్రాం ఏం చెబితే కంప్యూటర్ అది గీస్తుంది."

"దానికి ఎవరు చెబుతారు? ఉపగ్రహమేనా?"

"కాదు మేడం. ఆ ఎయిర్‌పోర్టులో ఎవరో ఒకరు కూర్చుని గంట గంటకీ రిపోర్టు పంపుతారట. అవే దాచిపెట్టి చూపిస్తారు. కింద చిన్న పెట్టె ఉంటుంది, నొక్కి చూడండి, వరసగా వస్తాయి."

ఆ ఎవరో ఒకరు నేనే కదా!

మూడు రోజులుగా నేను నా రిపోర్టునే సాక్షిగా పిలుచుకొచ్చి, అది నా రిపోర్టుకే సాక్ష్యం చెబితే నిజం తేలిందనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. చిన్న పెట్టె నొక్కాను. అన్నీ వచ్చాయి, నేను పంపిన అంకెలు, నేను పంపిన వరసలో. ఏడు గంటలది చదివాను. గాలి లేదు. పదమూడు డిగ్రీలు. పీడనం ఇంత. దాని పైన ఆరు గంటలది చదివాను. గాలి లేదు. పదమూడు డిగ్రీలు. పీడనం కూడా ఆఖరి అంకెతో సహా అదే.

సూర్యుడు లేచిన గంటలో ఒక్క అంకె కూడా కదలకుండా ఉండటమా? ముందు రోజుది తీశాను. ఆరూ ఏడూ ఒకటే. అంతకు ముందు రోజు. ఒకటే. అంతకు ముందు ఏడాది. ఒకటే.

అప్పుడు గుర్తుకొచ్చింది. ఆరు గంటలది మాకు పెద్ద రిపోర్టు. వాన కొలత, రోజు మొత్తం లెక్క, హెడ్ ఆఫీసుకి పంపే పట్టిక, అన్నీ దానితోనే. అవి పూర్తి చేసేసరికి ఏడవుతుంది. అందుకని ఏడు గంటలదానికి కిటికీ దగ్గరికి వెళ్ళేవాళ్ళం కాదు, ఆరు గంటలదే దించి పంపేవాళ్ళం. నాకు నేర్పినాయన అలాగే నేర్పాడు, నా తర్వాత వచ్చినవాళ్ళకి నేనూ అలాగే నేర్పాను. అది తప్పని ఒక్క రోజు కూడా అనిపించలేదు. చూసే రాశానని ప్రమాణం చేసినప్పుడు నిజంగానే చూశాననుకున్నాను. చూశాను, ఆరింటికి. పొగమంచు లేచేదేమో ఆ తర్వాతే.

"బావా," అన్నాను. "రాయకు."

ఆయన తలెత్తాడు.

"ఏడింటికి నేను కిటికీలోంచి చూడలేదు. ఆరు గంటలదే మళ్ళీ పంపాను. ఎప్పుడూ అంతే చేస్తాం. నాకు గుర్తే లేదు బావా. ఇప్పుడు ఈ అంకెలు చూస్తేగానీ తెలీలేదు."

అక్క నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. "ప్రమాణం చేసి చెప్పావు కదే," అంది.

బావ మాత్రం లేచి నా దగ్గరికి వచ్చాడు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. "అంటే పొగమంచు ఉందన్నమాటేనా? నేను చూసింది నిజమేనా?"

ఉందని చెప్పెయ్యాలనిపించింది. నాలుక చివర దాకా వచ్చింది. పదకొండు నెలలుగా ఆ మనిషి ఆ ఒక్క మాట కోసం ఎదురు చూస్తున్నాడు, నా నోటితో ఇస్తే నాకేం పోతుంది?

"నాకు తెలీదు బావా," అన్నాను. "నేను చూడలేదు." ఏడుపు ఆగలేదు నాకు.

మర్నాడు విచారణకి వెళ్తుంటే కారులో అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఒక్క మాట చెప్పవే. ఉందని చెప్పు. ఆయన బతుకు నిలబడుతుంది."

"చూడకుండా ఒకసారి చెప్పినందుకే కదే ఇంత జరిగింది. రెండోసారి కూడా చెప్పమంటావా?" అన్నాను. అక్క చెయ్యి తీసేసుకుని కిటికీ వైపు తిరిగింది.

గదిలో పొడుగాటి బల్ల వెనక ముగ్గురు అధికారులు, పక్కన రాసుకునే గుమాస్తా. నేను ప్రింటు తీసిన కాగితాలు బల్ల మీద పెట్టి, ఆరు గంటల సంగతీ ఏడు గంటల సంగతీ మొదటి నుంచి చెప్పాను. మధ్యలో కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు తీసి కాగితాలు చూశారు, మళ్ళీ పెట్టుకుని చూశారు. పీడనం అంకెల మీద వేలు పెట్టి చాలాసేపు ఆగారు.

"ఇది మీ పెన్షన్‌కి కూడా ఇబ్బందే, తెలుసా?"

"తెలుసండీ."

"ఇంతకీ ఆ ఉదయం పొగమంచు ఉందా లేదా? అది చెప్పండి."

"నన్ను అడగకండి. ఆ వేళకి నేను పట్టిక నింపుతున్నాను. మా గదిలో ఇంకెవరూ లేరు," అన్నాను. బావ వైపు చూపించాను. "ఏడు గంటలకి ఆ రన్‌వే వైపు చూసిన మనిషి ఈయనొక్కడే. పదకొండు నెలలుగా మనమంతా కలిసి ఆ ఒక్క మనిషి కళ్ళనే తప్పు పట్టాం."

బావ తల వంచుకుని రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. గుమాస్తా కలం ఆపి నా వైపు చూసి, ఆ మాట ఇంకోసారి చెప్పండి, రాసుకోవాలి అన్నాడు. మొదటి నుంచి చెప్పాను.